రెండు కిటికీల కాఫీ

"ఫిల్టరును ముట్టొద్దు! ఎట్ల పడిందో అట్లే పడి ఉండనీ. మద్దేనం వచ్చే ఆఫీసరు కూడా సూడాల గదా ఈ ఇంటి భాగోతం!"

చెంగల్రాయుడు వంటగది గుమ్మానికి అడ్డంగా నిలబడి అరిచాడు. ఆ ఫిల్టరును తన్నింది అతనే. పెద్ద ఇత్తడి ఫిల్టరు మూలకు దొర్లి బోర్లా పడింది. తడి కాఫీపొడి గచ్చంతా పరుచుకుంది. చీపురు పట్టుకుని వంగిన మునిలక్ష్మి తలెత్తలేదు, ఊడవడమూ ఆపలేదు.

"మే లచ్చిమీ, నీతోనే నేను మాట్లాడేది."

"ఇంటానే ఉండాను బావా. ఈ పొడి తొక్కి ఎవురన్నా జారి పడితే ఆఫీసరుకు ఇంకొక భాగోతం సూపించాల్సి వస్తాది."

మాట తేలిగ్గానే అంది. అతను ఆమె భర్తకు అన్న, ఆమె అక్కకు మొగుడు. రెండు వైపుల నుంచీ బావే. మూడు రోజుల క్రితం వరకూ ఆమెను పల్లెత్తు మాట అనని మనిషి.

"నీ మొగుడి కిటికీకి మొదటి డికాషను. నా కిటికీకి రెండో డికాషను. ఇదేనా నువ్వు చేస్తా ఉండేది? ఔను అను, కాదు అను. నోరు తెరిచి ఏదో ఒకటి అను."

"కాదు అని మూడు దినాలుగా అంటానే ఉండాను గదా."

రోడ్డువైపు కిటికీ దగ్గర బల్ల తుడుస్తున్న ధనంజయ ఇటు తిరగకుండానే అందుకున్నాడు. "లచ్చిమీ, ఆయప్పతో చెప్పు. నాలుక సరిగా లేకుంటే ఈది సివర ఆసుపత్రి ఉండాదని."

"లచ్చిమీ, ఆ మనిషితో నువ్వు చెప్పు. ఇది నా నాలుక సంగతి కాదు, ఐరాల అయ్యవారి నాలుక సంగతి అని."

అన్నకూ తమ్ముడికీ మధ్య పది అడుగుల దూరం. ఏడు నెలలుగా మాటలన్నీ మునిలక్ష్మి పేరుతో మొదలై ఆమె తల మీదుగా అటూ ఇటూ పోతున్నాయి. ఆమెకు ఒక్కోసారి నవ్వు వచ్చేది. ఇవాళ రాలేదు.

పాకాల జంక్షనుకు వచ్చిపోయే వాళ్ళకు ఆ కొట్టు తెలియనిది కాదు. స్టేషను కంచె మధ్యలో కట్టిన కొట్టు. ఒక కిటికీ ప్లాట్‌ఫారం వైపు, ఇంకొకటి బస్సులు నిలిచే రోడ్డు వైపు, నడుమ వంటగది, దాన్ని ఆనుకుని రెండు గదుల ఇల్లు. టికెట్టు కొన్నవాడు గేటు దాటి లోపలివైపు తాగుతాడు, కొననివాడు బయటివైపు తాగుతాడు. 'టికెట్టు ఉండేవోడికీ లేనోడికీ ఒకే కాఫీ' అని మామ మునిరామయ్య పాతికేళ్ళు మీసం దువ్వి చెప్పుకుని, పోయిన ఏడాది కన్నుమూశాడు.

ఆయన పోగానే పేచీ మొదలైంది. ఆస్తి కోసం కాదు, ఒక ఇత్తడి బిళ్ళ కోసం. రైల్వేవాళ్ళు ఇచ్చిన ఆ బిళ్ళను చేతికి కట్టుకున్నవాడే ప్లాట్‌ఫారం మీద కాఫీ అమ్మాలి. కొట్టుకు ఒక్కటే బిళ్ళ. పెద్దకొడుకును కదా అని చెంగల్రాయుడు దాన్ని తీసి కట్టుకున్నాడు. నెలకొకరం వంతులు వేసుకుందామని ధనంజయ అడిగాడు. "కూసోని పోసేవోడికి రైలుతో పరిగెత్తే దమ్ము యాడుండాది?" అని అన్న నలుగురి ముందు నవ్వాడు. అంతే. ఆ నవ్వు తర్వాత ఇద్దరి మధ్యా మాటల్లేవు. ఒకడు వంటగదిలో ఉంటే ఇంకొకడు అందులో కాలు పెట్టడు.

అయినా ఇద్దరి కిటికీలకూ కాఫీ కలిపేది మునిలక్ష్మే. అదే ఇప్పుడు ఆమె మెడకు చుట్టుకుంది.

మూడు రోజుల క్రితం ఐరాల నుంచి చుట్టాన్ని రైలెక్కించడానికి వచ్చిన ఒక బడి అయ్యవారు రోడ్డువైపు ఒక కాఫీ తాగి, ప్లాట్‌ఫారం టికెట్టు కొని లోపలికి పోయి ఇంకొకటి తాగాడు. ఊరికే పోలేదు. స్టేషనులో ఫిర్యాదు పుస్తకం అడిగి తీసుకుని గుండ్రటి అక్షరాలతో రాశాడు. 'ఇదే కొట్టులో పది నిమిషాల తేడాలో రెండు కాఫీలు తాగితిని. రోడ్డువైపు ఇచ్చినది కాఫీ. ప్లాట్‌ఫారం వైపు ఇచ్చినది కాఫీ గ్లాసు కడిగిన నీళ్ళు.'

లైసెన్సులో మొదటి షరతే రెండు వైపులా ఒకే సరుకు ఇవ్వాలని. ఇవాళ మధ్యాహ్నం కాట్పాడి పాసింజరులో ఆఫీసరు వస్తున్నాడు. రెండు వైపులా తాగి చూస్తాడు. తేడా ఉందంటే ప్లాట్‌ఫారం కిటికీ మూతపడుతుంది. చెంగల్రాయుడు పెళ్ళాంతో, ముగ్గురు పిల్లలతో ఊరు వదలాలి.

"ఇదో, అందురూ ఇనండి," అన్నాడు చెంగల్రాయుడు. "మా నాయన పేరు చెడగొట్టిన చెయ్యి ఎవురిదని ఈ పొద్దు తేలిపోతాది. ఆ చెయ్యి ఎవురిదైనా సరే, ఎవురిదైనా సరే, ఈ ఇంటి గడప లోపల ఉండేదానికి లేదు."

అతను కుంటుకుంటూ ప్లాట్‌ఫారం వైపు వెళ్ళిపోయాడు. నెలన్నర క్రితం ముల్లు గుచ్చుకుందని మడమకు గుడ్డ కట్టాడు. ఇంకా కడుతూనే ఉన్నాడు.

మునిలక్ష్మి పొడి ఎత్తి పారబోసి ఫిల్టరును చేతుల్లోకి తీసుకుంది. పక్కన పెద్ద సొట్ట పడింది.

కుళాయి దగ్గర భారతమ్మ గ్లాసులు తోముతోంది. అక్కాచెల్లెళ్ళు ఇద్దరినీ బంగారుపాళ్యంలో ఒకే పందిట్లో ఈ అన్నదమ్ములకు ఇచ్చారు. మునిలక్ష్మికి పదమూడేళ్ళు వచ్చేదాకా తల దువ్వి జడ వేసింది భారతమ్మే. ఇప్పుడు చెల్లెలు వచ్చి పక్కన నిలబడినా తల తిప్పలేదు.

"అక్కా."

"ఊఁ."

"నువ్వు కూడా నమ్మినావా?"

"ఏంది నమ్మేది?"

"నీ మొగుడి కిటికీకి నేను పలచటిది పోస్తా ఉండానని."

"నేనట్ల అన్నానా?"

"అనలేదు. నా చెల్లెలు అట్ల చేసేది కాదు అని కూడా అనలేదు. ఆ ఒక్క మాట కోసరం మూడు దినాలుగా నీ నోరు సూస్తా ఉండాను."

భారతమ్మ కడిగిన గ్లాసునే మళ్ళీ కడగడం మొదలుపెట్టింది. ఎండ గ్లాసు మీద పడి మెరుస్తోంది. స్టేషనులో ఎవరో మూటలు దింపుతూ కేకలు వేస్తున్నారు.

"మూస్తే మూయనీ లచ్చిమీ," అంది చివరికి.

"ఏమి?"

"ఆ కిటికీ. మూస్తే ఏమైతాది ఇప్పుడు? మనూర్లో మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో మనుసులు కావాలంట. నిలబడి చేసే పని. పరిగెత్తేది ఉండదు."

మునిలక్ష్మికి ఒళ్ళు మండింది. "పాతికేండ్లు మామ నిలబెట్టిన కిటికీని మూయనీ అంటావా? పిల్లోల్ల సదువులు ఏం గావాల? బావ ఆ ఫ్యాక్టరీలో ఒకడి కింద పని చేస్తాడా? సచ్చినా చెయ్యడు."

"సచ్చినా అనొద్దు!"

అంత గట్టిగా అరుస్తుందని మునిలక్ష్మి అనుకోలేదు. భారతమ్మ చేతిలోంచి గ్లాసు జారి తొట్టిలో పడింది. పగల్లేదు. ఆమె దాన్ని తీసి, కొంగుతో తుడిచి, మిగతా గ్లాసుల పక్కన పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

అక్కకు తన మీద కోపం కాదు, ఇంకేదో ఉందని మునిలక్ష్మికి తోచింది. ఆ ఇంకేదో ఏమిటో ఆలోచించే తీరిక లేదు. కాట్పాడి పాసింజరు రావడానికి గంటే ఉంది.

ఆమె ఒక నిర్ణయానికి వచ్చింది. ఫిల్టరు కడిగి, కొత్త పొడి వేసి, మరిగే నీళ్ళు పోసింది. మొదటి డికాషను దిగింది. మళ్ళీ నీళ్ళు పోసింది. రెండోదీ దిగింది. అప్పుడు గుమ్మంలోకి వచ్చి రెండు వైపులా వినపడేలా పిలిచింది.

"బావా, ఇట్ల రా. ఏమయ్యా, నువ్వు కూడా రా. ఇద్దురూ రాకుంటే ఈ పొద్దు కాఫీ లేదు."

చెంగల్రాయుడు వచ్చాడు. ధనంజయ అటు గుమ్మంలో ఆగాడు. అన్న లోపల ఉండగా కాలు పెట్టడానికి అతనికి మనసొప్పలేదు. మునిలక్ష్మి కళ్ళెర్రజేసింది. వచ్చాడు. ఏడు నెలల తర్వాత ఇద్దరూ ఒకే గదిలో నిలబడ్డారు. ఒకడు పైకప్పు చూస్తున్నాడు, ఇంకొకడు పాల కుండ చూస్తున్నాడు.

"ఇదో, మొదటిది. ఇదో, రెండోది. రెండూ ఒకే గుండిగలో పోస్తా ఉండా. మామ ఉన్నప్పుడు పోసినట్టే." పోసింది. పాలూ చక్కెరా కలిపి తిరగబోసింది. ఆ గుండిగలోంచే ఒక గరిటె రోడ్డు కిటికీ క్యానుకు, ఒక గరిటె ప్లాట్‌ఫారం కిటికీ క్యానుకు, రెండూ నిండేదాకా పోసింది. "ఇప్పుడు ఏ క్యానులో కావాలన్నా రుచి సూడండి."

ఇద్దరూ డబరాల్లో పోసుకుని రెండు క్యాన్లలోనూ రుచి చూశారు.

"బాగుండాది," అన్నాడు ధనంజయ పాల కుండతో.

"ఊఁ," అన్నాడు చెంగల్రాయుడు పైకప్పుతో.

గుమ్మంలో నిలబడి చూస్తున్న భారతమ్మ వచ్చి ప్లాట్‌ఫారం క్యాను మూత పెట్టి, నడుముకు ఎత్తుకుని తీసుకుపోయింది. మునిలక్ష్మి మూడు రోజుల్లో మొదటిసారి గుండెనిండా ఊపిరి పీల్చుకుంది. ఇంక ఏ దేవుడు దిగివచ్చి తాగినా తేడా ఉండదు.

ఆఫీసరు పేరు వేంకటాచలపతి. తిరుపతి మనిషి, నుదుట నిలువు నామం, చేతిలో తోలు సంచి. ఇంకొకరి గ్లాసులో తాగే అలవాటు లేదని చెప్పి సంచిలోంచి సొంత లోటా తీశాడు. రోడ్డువైపు నిలబడి ధనంజయ పోసిన కాఫీని పెదవికి తగలకుండా ఎత్తి తాగాడు. మొహంలో ఏమీ కనపడలేదు. లోటా తానే కడుక్కుని, గేటు చుట్టి ప్లాట్‌ఫారం మీదికి వెళ్ళాడు. అక్కడా తాగాడు.

తర్వాత వంటగదిలోకి వచ్చి, రెండు గాజు గ్లాసులు అడిగి, ఒక్కో క్యానులోంచి ఒక్కో గ్లాసు పోయించి బల్ల మీద పక్కపక్కన పెట్టాడు.

"చూడండి," అన్నాడు.

చూడటానికి ఏముంది? ఒకటి చిక్కగా ఎర్రమట్టి రంగులో ఉంది. రెండో గ్లాసులోంచి బల్ల చెక్క గీతలు మసగ్గా కనపడుతున్నాయి.

 మునిలక్ష్మి ఆ పలచటి గ్లాసును చూస్తూ ఉండిపోయింది. ఒకే గుండిగ, ఒకే గరిటె, తన చేత్తోనే పోసింది, ఇద్దరూ రుచి చూశారు. క్యాను ఇక్కడినుంచి కిటికీకి చేరేది నాలుగడుగుల నడవా దాటే. ఆ నడవాలో ఉండేది గ్లాసులు కడిగే వేన్నీళ్ళ బాయిలరు, దాని మీద ఒక రాగి చెంబు. ఆ నాలుగడుగులూ క్యాను మోసింది ఒకే ఒక్క మనిషి.

ఆమె తల తిప్పి అక్కను చూసింది. భారతమ్మ గోడకు ఆనుకుని కళ్ళు దించుకుంది.

అక్కను మనసులోనే నిలదీసింది మునిలక్ష్మి. ఎందుకక్కా? నీ మొగుడి కాఫీలో నువ్వే నీళ్ళు పోసుకుంటావా? నన్ను మూడు రోజులు అందరూ అంటూ ఉంటే వింటూ గ్లాసులు కడిగావా? కోపం ముంచుకొచ్చింది, వెంటనే భయం ముంచుకొచ్చింది. 'ఎవురిదైనా సరే' అన్నాడు బావ. రెండుసార్లు అన్నాడు. అన్న మాట మీద నిలబడటంలో ఆ ఇంటి మగవాళ్ళకు ఉన్న మొండితనం ఆమెకు ఏడు నెలలుగా తెలుసు.

"కాఫీ కలిపేది ఎవరు?" అడిగాడు వేంకటాచలపతి.

"నేనే సార్."

"అయితే మీరే రాసివ్వాలి. తేడా వంటగదిలో జరిగిందా, క్యాను వంటగది దాటాక జరిగిందా? ప్లాట్‌ఫారం వైపు జరిగితే ఆ కిటికీ ఒక్కటే పోతుంది. వంటగదిలోనే జరిగిందంటే లైసెన్సే పోతుందమ్మా. రెండు కిటికీలూ మూసుకోవాలి. ఆలోచించుకుని రాయండి."

పుస్తకం తెరిచి, కలం మూత తీసి ఆమె ముందు పెట్టాడు.

భారతమ్మ మొహం పాలిపోయింది. ఈ రెండో మాట ఆమెకూ తెలియదన్నమాట.

మునిలక్ష్మి ఐదో తరగతి చదివింది. రాయగలదు. కలం పట్టుకుని భర్త వైపు చూసింది. నిజం రాస్తే అతని కిటికీ నిలుస్తుంది, తన మీద పడ్డ మచ్చ పోతుంది, అక్క రోడ్డు మీద పడుతుంది. అబద్ధం రాస్తే కొట్టు పోతుంది. కొట్టు పోతే బస్సులు నిలిచే చోట ఒక బల్ల వేసుకుని అయినా కాఫీ పోసుకోవచ్చు. ధనంజయ చేతి కాఫీ ఎక్కడైనా తాగుతారు. అక్క సంసారం పోతే ఎక్కడ బల్ల వేసుకోవాలి?

ఆమె రాయడం మొదలుపెట్టింది.

చెంగల్రాయుడు ఆగలేకపోయాడు. ఆమె భుజం మీదుగా వంగి, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ పైకి చదివాడు. "'ప్లాట్‌ఫారం క్యానులో... పలచన చేసినది... నేనే. వంటగదిలోనే చేసినాను.' ఇంటిరా అందురూ? ఇంటిరా? నేను చెప్తే నన్ను ఎర్రోడు అనుకుంటిరే!"

"అది అబద్దం," అన్నాడు ధనంజయ.  "ఆ క్యాను రుచి సూసినా నేను. లచ్చిమీ, ఎందుకు రాస్తా ఉండావు అట్ల? రుచి సూసినోళ్ళు ఇంకొకరు కూడా ఉండారు. ఆయప్ప నాలుకకు తెల్లేదా?"

చెంగల్రాయుడికి తెలుసు. తన నాలుకతో తాను రుచి చూసిన మనిషి. కానీ మూడు రోజులుగా అన్న మాటలన్నీ వెనక్కి తీసుకోవడం కంటే ఆ పుస్తకంలో రాసింది నమ్మడం సులువు.

"మేము ఇట్ల తిరగంగానే పోసింటాది. మా నాయన పేరు, ఈ ఆడది..."

"సాలు! సదవద్దు!"

భారతమ్మ గోడ వదిలి ముందుకు వచ్చింది. "ఆ ఆడది కాదు. నేను. నీళ్ళు పోసింది నేను. నలభై దినాలుగా పోస్తా ఉండా. ప్రతి క్యానుకూ రెండు చెంబులు."

 బయట ఎవరో "ఒక కాఫీ అప్పా" అని రోడ్డువైపు కిటికీ తడుతున్నారు. ఎవరూ కదల్లేదు.

"నువ్వా?" అన్నాడు చెంగల్రాయుడు.

"ముల్లు గుచ్చుకుందని చెప్పినావు. ఆ గుడ్డ ఉతికింది నేను. ముల్లుకు నల్ల గ్రీసు అంటుతాదా? బండి కదిలినాక పరిగెత్తి, కిటికీలోంచి ఎవురో ఇచ్చే ఒక ఖాళీ గ్లాసు కోసరం చెయ్యి సాచి, మెట్టు మీంచి జారినావు. పోర్టరు చెప్పినాడు నాకు. జానెడు ఉండిందంట చక్రానికీ కాలికీ. జానెడు! మళ్ళా మర్నాడే పరిగెత్తినావు. నేను అడిగితే ఇంటావా నువ్వు? ఆ బిళ్ళ నీ చేతి మీద ఉన్నంత కాలం ఇనవు. కాఫీ బాగాలేకపోతే తాగేవోళ్ళు ఉండరు, తాగేవోళ్ళు లేకపోతే నువ్వు పరిగెత్తేది ఉండదు అనుకున్నా. నీ కిటికీ ఒక్కటే పోతాదనుకున్నా. లచ్చిమి మీద పడతాదని..."

అక్కడ ఆమె మాట ఆగిపోయింది. చెల్లెలి మొహం చూడలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మునిలక్ష్మి చేతిలో కలం అలాగే ఉంది. అక్కను కొట్టాలనీ ఉంది, కౌగిలించుకోవాలనీ ఉంది. రెండూ చెయ్యలేదు.

చెంగల్రాయుడు చాలాసేపు ఆ రెండు గ్లాసులనే చూశాడు. గడప మాట ఎత్తుతాడేమోనని మునిలక్ష్మి అక్కకు అడ్డంగా జరిగింది. అతను ఆ మాట ఎత్తలేదు. 

స్టేషనులో గంట కొట్టారు. ధర్మవరం పాసింజరు.

అతను కదిలాడు. ప్లాట్‌ఫారం క్యాను ఎత్తి, ఉన్నదంతా తూములోకి కుమ్మరించాడు. ఖాళీ క్యానుతో తిరిగి వచ్చి వంటగది మధ్యలో నిలబడ్డాడు. అడగలేదు. ధనంజయ ఒక క్షణం చూసి, తన క్యాను ఎత్తి, సగం కాఫీ అన్న క్యానులో పోశాడు. ఒక్క చుక్క కింద పడకుండా పోశాడు. పోస్తున్నంతసేపూ చెంగల్రాయుడు తమ్ముడి చేతులనే చూశాడు.

"బాగానే పోస్తావురా," అన్నాడు.

ఏడు నెలల తర్వాత మొదటి మాట. ధనంజయ జవాబు వెతుక్కునేలోపే క్యానూ గ్లాసుల బుట్టా తీసుకుని కుంటుకుంటూ వెళ్ళిపోయాడు.

భారతమ్మ, మునిలక్ష్మి ప్లాట్‌ఫారం కిటికీ దగ్గర నిలబడి చూశారు. బండి పొగ కక్కుతూ వచ్చి ఆగింది. చెంగల్రాయుడు పెట్టె పెట్టెకూ పోయి కాఫీ అందించాడు. ఒకాయన తాగి రెండో గ్లాసు అడిగాడు. భారతమ్మ పెదవులు కదులుతున్నాయి. ఏ దేవుడిని తలుచుకుంటోందో తెలియదు. ఇంజను కూత వేసింది. బండి కదిలింది. చెంగల్రాయుడు దాని వెంట పరిగెత్తుతూ గ్లాసులు అందుకుంటూ పోయి, ప్లాట్‌ఫారం చివర ఇంజన్లకు నీళ్ళు పట్టే స్తంభం దగ్గర పొగలో కనపడకుండా పోయాడు.

ఎప్పుడూ ఆ స్తంభం దగ్గరనుంచే అతను వెనక్కి తిరిగి వస్తాడు.

చివరి పెట్టె దాటింది. పొగ విడిపోయింది. ఎవరూ రావడం లేదు.

"లచ్చిమీ," అంది భారతమ్మ. కిటికీ చెక్కను పట్టుకున్న వేళ్ళు తెల్లబడ్డాయి. "లచ్చిమీ, ఆయన ఏడీ?"

వాళ్ళ వెనకనుంచి ధనంజయ దూకినట్టు వచ్చి, నడవా దాటి, ప్లాట్‌ఫారం మీద పడి పరిగెత్తాడు. "అన్నా! అన్నా!" ఆ కేక స్టేషనంతా వినపడింది. స్తంభం దగ్గర వంగి పట్టాల మీదకు చూశాడు. అటు చూశాడు, ఇటు చూశాడు. తర్వాత నెమ్మదిగా నిటారుగా నిలబడ్డాడు.

తిరిగి వచ్చేటప్పుడు అతని ఒక చేతిలో క్యాను ఉంది, ఇంకో చేతిలో గ్లాసుల బుట్ట. బుట్టలో అన్ని గ్లాసులూ ఉన్నాయి.

"పట్టాల మీద ఏమీ లేదు వదినా. భయపడొద్దు. బండెక్కి పోయినాడు. గార్డు పెట్టె ముందర ఎక్కినాడంట, పోర్టరు సూసినాడు." గుప్పిలి తెరిచాడు. "ఇది క్యాను మూత మీద పెట్టి పోయినాడు."

ఇత్తడి బిళ్ళ. తోలు పట్టీ ఇంకా చెమటతో తడిగా ఉంది. పెళ్ళాన్ని గడప దాటించలేక తానే దాటిపోయాడని మునిలక్ష్మికి అర్థమైంది.

భారతమ్మ దాన్ని ముట్టుకోలేదు. నలభై రోజులుగా అది ఆయన చేతి మీంచి దిగాలని నీళ్ళు పోసిన మనిషి, అక్కడే నేల మీద కూలబడింది.

"స్టేషను మాస్టరుతో చెప్పి దామలచెరువుకు ఫోను చేయిస్తాను. అక్కడ దింపేస్తారు," అన్నాడు వేంకటాచలపతి. పాపం, ఆయనకూ చెయ్యి ఆడటం లేదు. పుస్తకం సంచిలో పెట్టబోయి ఆగాడు. "కానీ ఒక మాట చెప్పాలి. ఈమె రాసింది కొట్టేస్తాను, నేను రాసేది ఇంకా రాయలేదు. బిళ్ళ కట్టుకున్న మనిషి ఉండి, మంచి కాఫీ ఇవ్వడం కళ్ళతో చూస్తే ఒక రకంగా రాస్తాను. బండి వచ్చినప్పుడు ఈ కిటికీ ఖాళీగా ఉంటే ఇంకో రకంగా రాయాల్సి వస్తుంది. తిరుపతి బండి వచ్చే వేళైంది."

ధనంజయ తల వంచి అరచేతిలో బిళ్ళను చూశాడు. ఏడు నెలల క్రితం దీని కోసమే నలుగురి ముందు నవ్వులపాలయ్యాడు. ఇప్పుడు అడ్డం చెప్పేవాళ్ళు లేరు. "అన్న తిరిగి వచ్చేదాకా ఈ కిటికీ మూతపడేదానికి లేదు," అని పళ్ళతో పట్టీ కొస లాగి, ఎడమ చేతికి బిళ్ళ బిగించుకున్నాడు.

వద్దు అనాలని మునిలక్ష్మి నోరు తెరిచింది. ఏమని వద్దంటుంది? అక్కకు కిటికీ నిలవాలి, పిల్లలకు అన్నం నిలవాలి. పొద్దున కుళాయి దగ్గర తాను అన్న మాటలే ఇవన్నీ. ధనంజయ ఎప్పుడూ రైలుతో పరిగెత్తిన మనిషి కాదు. అలవాటు లేని కాళ్ళు. ఒక ఖాళీ గ్లాసు కోసం చెయ్యి చాస్తాడు. జానెడు దూరం.

గంట కొట్టారు.

ఆమె గుండిగలో మిగిలిన కాఫీ క్యానులో పోసి నడవాలోకి తెచ్చింది. బాయిలరు పక్కన పెట్టింది. మూత ఇంకా పెట్టలేదు.

"లచ్చిమీ, క్యాను ఇయ్యి! బండి వచ్చేసింది!" కిటికీ అవతల నుంచి ధనంజయ పిలుస్తున్నాడు. గొంతులో హుషారు ఉంది.

నేల మీద కూర్చున్న భారతమ్మ తలెత్తి చెల్లెలి చేతుల వైపు చూసింది.

రాగి చెంబు మునిలక్ష్మి చేతిలో ఉంది. బాయిలరు కుళాయి తిప్పి ఉంది. చెంబు నిండుతోంది.